వాండా జాక్సన్ పాటలతో రాకబిల్లీ సాధన: ఇప్పటిదాకా వచ్చింది

రాకబిల్లీ అంటే కంట్రీ, బ్లూస్ కలిసిన తొలినాటి రాక్ అండ్ రోల్. గిటారు మీద ‘షేకిన్ ఆల్ ఓవర్’ రిథమ్ ఇప్పుడు ఆగకుండా చివరిదాకా నడుస్తోంది. ‘రిప్ ఇట్ అప్’ మాత్రం ఇంకా అసలు స్పీడు అందుకోలేదు, మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 160 బీట్ల దగ్గర పెట్టి వాయిస్తున్నా. రెండూ అమెరికన్ గాయని వాండా జాక్సన్ 2011 ఆల్బమ్ ‘ది పార్టీ ఏంట్ ఓవర్’లోవి. 1937లో ఓక్లహోమాలో పుట్టిన ఆవిడ 1955లో ఎల్విస్ ప్రెస్లీతో కలిసి టూర్లు చేశారు, కంట్రీ పాడుకునే ఆవిడను ఈ కొత్త ఊపు పాటల వైపు తిప్పింది కూడా ఆయనే. ఈ ఆల్బమ్‌ని రాక్ గిటారిస్టు జాక్ వైట్ నాష్‌విల్‌లో చేశాడు, అది వచ్చేనాటికి ఆవిడకి 73 ఏళ్లు! ఆ వయసులో కూడా మాట చివర గొంతు గీరి వదిలే పద్ధతి అలాగే ఉంది, నేను ఈ సాధన మొదలుపెట్టిందే అందుకు.

ఎక్కువ సమయం పట్టింది ఎకో. రాకబిల్లీలో వినపడేది హాల్లో మోగినట్టు సాగే ఎకో కాదు, ఒకే ఒక్క దెబ్బ తిరిగి రావాలి. మెంఫిస్‌లో సన్ స్టూడియో నడిపిన శామ్ ఫిలిప్స్ రెండో టేపు మెషీన్ పెట్టి దీన్ని తెప్పించేవాడు, రికార్డ్ హెడ్ నుంచి ప్లే హెడ్ దాకా టేపు కదలడానికి పట్టే సమయమే ఆ ఆలస్యం. నేను డిలే పెడల్‌లో (వాయించింది కాస్త ఆలస్యంగా తిరిగి వినిపించే పెడల్) 125 మిల్లీసెకన్లు పెట్టి, ఫీడ్‌బ్యాక్ (ఎకో మళ్లీ మళ్లీ రావడం) పూర్తిగా సున్నా చేసి, మిక్స్ (ఎకో కలిసే పాళ్లు) పావు వంతు కంటే కాస్త ఎక్కువ ఉంచాను. 125 ఎందుకంటే, 160 స్పీడులో ఒక బీటు 375 మిల్లీసెకన్లు, అందులో మూడో వంతు 125, కాబట్టి తిరిగొచ్చే దెబ్బ షఫుల్ నడకలో (బీటును మూడు ముక్కలు చేసి ఊగే నడక) సరిగ్గా కూర్చుంటుంది. స్పీడు తగ్గించి సాధన చేసేవాళ్లు ఆ లెక్కన సమయం పెంచుకోవాలి. ఎకోలో పై ఫ్రీక్వెన్సీలు కొంచెం కోసేస్తే టేపు మెత్తదనం వస్తుంది.

కుడిచెయ్యి విషయానికొస్తే, అరచేతి అంచు బ్రిడ్జి మీద ఆనించి, బొటనవేలితో ఆరో తీగ, నాలుగో తీగ మార్చి మార్చి కొట్టాలి, పై తీగలు మిగతా వేళ్లతో. ఇ, ఎ, బి7 కార్డులు చాలు. స్లాప్ బాస్ (తీగల్ని లాగి చరిచి వాయించే పెద్ద బాస్) వాయించేవాళ్లు లేరు కాబట్టి 2, 4 బీట్ల మీద తీగల్ని అదిమిపట్టి టక్‌మని కొడుతున్నా, రికార్డింగ్‌లో వినడానికి బాగానే ఉంది.

పాడేది మా వదిన. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకున్న గొంతు, ‘షేకిన్ ఆల్ ఓవర్’ని హాయిగా లాగేస్తుంది. ఆల్బమ్ చివర్లో ఉన్న పాతకాలం కంట్రీ గాయకుడు జిమ్మీ రోజర్స్ పాట ‘బ్లూ యోడల్ నంబర్ 6’ దగ్గర మాత్రం పెద్ద పని పడింది. యోడల్‌లో ఛాతీ గొంతు నుంచి తల గొంతుకి దూకేటప్పుడు ఆ విరుపు స్పష్టంగా వినపడాలి. “ఇన్నేళ్లూ ఆ అతుకు కనపడకుండా చెయ్యమనే కదయ్యా మాకు నేర్పింది” అంది వదిన. ఇప్పుడు ఒకే అచ్చు మీద పంచమం నుంచి పై షడ్జానికి జారకుండా ఎగిరి దిగడం మెల్లగా చేయిస్తున్నా, గొంతు అలసిపోతే వెంటనే ఆపేస్తాం.

నా మటుకు ఆల్బమ్‌లో బెస్ట్ పాట ఈ యోడలే. మిగతా చాలా పాటల్లో హార్న్స్ హోరు ఎక్కువైపోయి ఆవిడ గొంతుతో పోటీ పడతాయి, ఇక్కడ ఆ హోరేమీ లేదు, గిటారు పక్కన ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది. అందుకే మేం దీన్ని ఎకో లేకుండా, ఒకే మైకు పెట్టి రికార్డు చేద్దామనుకుంటున్నాం. ముందుగా వదినకి సరిపోయే శ్రుతి చూసుకుని కేపో (గిటారు మెడకి బిగించి శ్రుతి పెంచే క్లిప్పు) ఎక్కడ పెట్టాలో తేల్చాలి.