పెద్దమనిషి ఫంక్షన్ దగ్గర ఆగిపోయే కథలు

శనివారం రాత్రి.

కాలేజీ అమ్మాయిల కథల కట్ట ముందేసుకుని కూర్చుంటే పొద్దు పోయింది. కరెంటు పోలేదు, అదే పదివేలు. సంకలనానికి ఇచ్చిన విషయం ఒకటే: తానెవరో తనే తేల్చుకునే ఆడపిల్ల కథ. కట్టలో సగానికి పైగా కథలకు మలుపు కూడా ఒకటే, పెద్దమనిషి కావడం. మొదటి పేజీలో కడుపునొప్పి. తర్వాత మూలన చాప, వేరే కంచం, వేరే గ్లాసు. ఆపైన మేనమామ తెచ్చిన పట్టుపావడా, నువ్వులుండలు, వీధి మొగన ఫ్లెక్సీ. ఆఖరి పేరాలో కిటికీ, కిటికీలోంచి ఎగిరిపోయే పక్షి.

ఇందులో చిక్కేమిటంటే, పిల్ల ఏమీ చెయ్యదు. ఒంటికి జరిగేది జరుగుతుంది. మిగతాదంతా అమ్మ, అవ్వ, మేనమామ, ఫోటోగ్రాఫరు చేసేస్తారు. రాసేవాళ్ళు ఆ ఖాళీని తంతుతో నింపుతారు. స్నానం ఐదో రోజా, ఏడో రోజా, తొమ్మిదో రోజా అన్నది కులాన్ని బట్టీ ఊరిని బట్టీ మారుతుంది. పచ్చాకుల గుడిసె కొన్ని ఇళ్ళలో వేస్తారు, కొన్ని ఇళ్ళలో అసలు లేదు. అవన్నీ వరసపెట్టి రాస్తే పెళ్ళి క్యాసెట్టు చూసినట్టుంటుంది. ఒక్క వివరం చాలు, అదీ పిల్ల చేతికి అందేది అయి ఉండాలి.

ఉదాహరణకు చదివింపుల నోటుపుస్తకం. ఎవరు ఎంత చదివించారో ఒక పెద్దాయన రాస్తూ ఉంటాడు: పేరు, ఊరు, అంకె. రేపు వాళ్ళింట్లో శుభకార్యమైతే అంతకు తగ్గకుండా తిరిగి పెట్టాలి. పదమూడేళ్ళ పిల్ల రాత్రిపూట ఆ పుస్తకం తెరిచి, తన పేరున ఇంటికి ఎంత బాకీ చేరిందో కూడి చూసుకుందనుకోండి, కథ అక్కడ మొదలవుతుంది. ఆ మొత్తం పదో తరగతి ట్యూషన్ ఫీజుకు సరిపోతుందని ఆమెకు తోస్తే ఇంకా మంచిది. ఇక ఆమె ఎవరినో ఏదో ఒకటి అడగాలి, లేదా దాచాలి. రెండూ పనులే.

ఇంకో కథ తిరుమల ప్రయాణం మీద. మంచి సరుకే కానీ లెక్క తప్పింది. మూడొందల రూపాయల దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. కొండకు పోయే రోజే పిల్లకు నెలసరి వచ్చేట్టుంది. తల్లి మాత్ర వేయిస్తుంది. కథలో ఆ మాత్ర బయల్దేరే రోజు పొద్దున వేసుకున్నట్టుంది. అట్లా కుదరదు. నెలసరిని వెనక్కి జరిపే మాత్ర డాక్టరు రాసివ్వాలి, అనుకున్న తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి, రోజూ వేసుకోవాలి. ఆపేసిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. పైగా మొదటి ఒకటి రెండేళ్ళు అండం ప్రతినెలా సరిగ్గా విడుదల కాదు కాబట్టి తేదీలు అటూ ఇటూ అవుతాయి, పధ్నాలుగేళ్ళ పిల్ల విషయంలో ఆ మూడు రోజుల లెక్కే నమ్మకమైంది కాదు. ఈ వివరాలు సరిచేస్తే తప్పు పోవడమే కాదు, కథకు బలం వస్తుంది. తల్లి క్యాలెండరు మీద గుర్తు పెడుతుంది, నాన్న టికెట్టు తేదీ చూస్తాడు, అవ్వ ఆరా తీస్తుంది. తన ఒంటి సంగతి ఇంటిల్లిపాదికీ పట్టిన వ్యవహారమైపోయిందని పిల్లకు తెలిసే చోటు అదే. మాత్ర మింగిందా, నాలుక కింద పెట్టుకుని పెరట్లో ఉమ్మేసిందా అన్నది రాసేవాళ్ళ ఇష్టం. నేనైతే ఉమ్మించేదాన్ని.

మధ్యాహ్నం పాత కథలు ఒకట్రెండు తిరగేశాను, ఈ పిల్లలకు రాసే ముందుమాట కోసం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902 నాటిది, గురజాడ 'దిద్దుబాటు' 1910. రెండింట్లోనూ మొగుడిని దారిలో పెట్టే తెలివైన ఆడవాళ్ళున్నారు, ఇద్దరూ అప్పటికే భార్యలు. బాల్యానికీ కాపురానికీ నడుమ ఆడపిల్లకు విడి కాలమంటూ ఉంటే కదా దాని మీద కథ రాయడానికి! 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసును 14 చేసింది. 1949లో అది 15, 1978లో 18 అయింది. చట్టం వచ్చినంత మాత్రాన ఊళ్ళు మారిపోలేదు గానీ, పదో తరగతి, ఇంటరు, హాస్టలు అనే మెట్లు ఆ నడిమి ఏళ్ళలో వచ్చి చేరాయి. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టింది 1983లో. కాబట్టి కథ ఏ ఏడాది జరుగుతోందో ముందు తేల్చుకోమని అమ్మాయిలకు చెబుతుంటాను. 1975లో పదిహేనేళ్ళ పిల్లకు పెళ్ళి చేస్తే అది చట్టం లోపలే. 1985లో చేస్తే ఇంట్లో ఎవరో ఒకరు వయసు దాచాలి, బడి సర్టిఫికెట్టు బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. ఆ తాళంచెవి కథకు పనికొస్తుంది.

ఏడాది పట్టించుకోకపోతే చిన్న చిన్న చోట్ల బయటపడిపోతుంది. ఒక కథలో 2010లో శ్రీకాళహస్తి పిల్ల చిరునామాలో 'తిరుపతి జిల్లా' అని రాసింది. ఆ జిల్లా 2022 ఏప్రిల్‌లో గదా వచ్చింది, అంతకుముందు శ్రీకాళహస్తి ఉండింది చిత్తూరు జిల్లాలో. ఇంకో కథ ఈ ఏడాదిలోనే జరుగుతుంది, అందులో పిల్ల బస్సు చార్జీకి నాన్న జేబు తడుముతుంది. 2025 ఆగస్టు 15 నుంచీ ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు చార్జీ లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. చార్జీ డబ్బుల కోసం చేతులు చాచడం మన కథల్లో ఎన్నాళ్ళుగానో ఉన్న మీట, అది ఊడిపోయింది. అయితే దాని బదులు ఇంకొకటి దొరికింది. కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు, దాని మీద ఎక్కిన చోటు, దిగే చోటు ఉంటాయి. బ్యాగులో మరిచిపోయిన టికెట్టు అమ్మ చేతికి చిక్కితే, పుత్తూరు కాలేజీకి పోయిన పిల్ల తిరుపతిలో ఎందుకు దిగిందో చెప్పాల్సి వస్తుంది.

భాష దగ్గర ఎక్కువసేపు ఆగాను. పన్నెండేళ్ళ పిల్ల ఏడో తరగతి. ఆ పిల్ల నోట, ఆ పిల్ల తలపుల్లో 'అస్తిత్వం', 'అణచివేత', 'ఆంక్షలు' రాకూడదు. ఇట్లాంటి మాటల కింద గీతలు కొట్టి, ఆ మాట రాయడానికి ముందు పిల్ల కంటికి ఏం కనపడిందో అది రాయమంటాను. తమ్ముడికి రెండో అట్టు అడక్కుండానే పడింది, అంతే. పెద్దయ్యాక గుర్తు చేసుకుంటున్న గొంతుతో రాస్తే పెద్ద మాటలు చెల్లుతాయి. కాకపోతే ఆ గొంతు మొదటి పేరాలోనే వినపడాలి. 'అప్పుడు నాకు తెలీదు' అన్న వాక్యం ఒకసారి ముద్దు, నాలుగోసారి విసుగు.

యాసను అందరి నోటా ఒకే పాళ్ళలో పొయ్యకూడదు. మా తిరుపతి వైపు అవ్వ 'యాడికి మే పోతా ఉండావు' అంటుంది. అదే మాట కడప వైపు 'పోతాండావు' అవుతుంది. కలిపేస్తే ఇక్కడి చదువరి వెంటనే పట్టేస్తాడు. నగరి, సత్యవేడు వైపు ఇళ్ళలో అరవం కలుస్తుంది. పిల్ల మాత్రం రెండు రకాలుగా మాట్లాడుతుంది: ఇంట్లో ఒకటి, హాస్టల్లో ఒకటి. నవ్వుతారని హాస్టల్లో 'ఎక్కడికి' అనే పిల్ల, ఫోన్లో అవ్వతో 'యాడికి' అంటుంది. ఫోన్ పెట్టకముందే రూమ్మేటు గదిలోకి వస్తే ఏ మాట వాడుతుంది? ఈ ఒక్క చోటును కథకు నడుమ పెట్టుకున్న అమ్మాయి కట్టలో ఒకతే ఉంది. మిగతావాళ్ళు తాము ఎవరో పేరాలు పేరాలుగా చెప్పుకున్నారు.

గంగమ్మ జాతర లేకుండా తిరుపతి కథలు ఉండవు కదా, అవీ వచ్చాయి. చాలామంది క్లైమాక్సులో పిల్లకు అమ్మవారిని పూనించేశారు. సులువు దారి. పూనకంలో మాట్లాడింది అమ్మవారు, పిల్ల కాదు. తెల్లారితే పిల్ల మళ్ళీ మూలనే ఉంటుంది. గంగమ్మ కథలోనే అంతకంటే పనికొచ్చేది ఉంది: ఎవరింట్లోనో పెరిగిన పిల్ల ఈడొచ్చింది, పాలెగాడి కన్ను పడింది, వాడు దాక్కుంటే వేషాల మీద వేషాలు మార్చి వెతికి చంపింది. బైరాగి, బండ, తోటి, దొర, ఒక్కో రోజుకు ఒక్కో వేషం. ఆ వేషాల గుర్తుగానే ఇప్పటికీ జాతరలో మగవాళ్ళు చీర కట్టి జడ వేసుకుంటారు. ఒకమ్మాయి కథలో ఓణీ వేసుకున్నాక వీధిలోకి పోవద్దని ఇంట్లో కట్టడి చేసిన పిల్ల, జాతరకు అన్నకు తన ఓణీనే కట్టి, పిన్నులు పెట్టి, పూలు ముడిచి పంపుతుంది. వాడు ఊరంతా తిరిగొస్తాడు.

ఆ కథను తీసుకుంటున్నాను, కానీ తిరగరాయడానికి వెనక్కి పంపాలి. ఓణీ కట్టే దృశ్యం రెండు వాక్యాల్లో అయిపోయింది, పేజీ కావాలి: కుచ్చిళ్ళు ఎట్లా పెట్టింది, నడవడం ఎట్లా నేర్పింది, అన్న ఎక్కడ సిగ్గుపడ్డాడు. జాతర మొదలవుతోందని ఊరికి చెప్పే చాటింపు ఆదివారం వేసినట్టు రాసింది, అది మంగళవారం రాత్రి. చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదన్న కట్టుబాటు ఉంది. జాతర మే నెలలో, ఇంటరు పిల్లల ప్రవేశ పరీక్షలూ ఆ రోజుల్లోనే. పరీక్ష కేంద్రం వేరే ఊళ్ళో పడి, ముందురోజు రాత్రికే చేరాలంటే ఆ పిల్ల ఏం చేస్తుందో ఆలోచించమని పక్కన రాశాను. చివరి పక్షిని కొట్టేశాను.