అథ్లెటిక్స్ జట్టు, గేమ్స్ ఫీజు: నా అనుభవం

తిరుపతిలోని మా డిగ్రీ కళాశాలలో ఆటలు చూసుకొనే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు పదవీ విరమణ చేశాక ఆ పోస్టు ఖాళీగా ఉండిపోవడంతో, కామర్స్ పాఠాలు చెప్పుకొనే నాకు ఆటల కమిటీ బాధ్యత అప్పగించారు. ఆ ఏడాది విశ్వవిద్యాలయ స్థాయి అంతర్ కళాశాలల అథ్లెటిక్స్ పోటీలు చిత్తూరులో జరగనున్నాయి. విద్యార్థులు అడ్మిషన్ సమయంలో కట్టే గేమ్స్ ఫీజులోంచే బూట్లు, పరికరాలు, శిక్షకుడి గౌరవ వేతనం, బస్సు చార్జీలు, భోజనాలు అన్నీ సర్దాలి. జట్టులో ఎవరుండాలో స్టాప్‌వాచ్ ఒక్కటే తేల్చదని, క్యాష్ బుక్ కూడా తేలుస్తుందని నాకు మొదటి వారంలోనే తెలిసివచ్చింది.

పోల్ వాల్ట్‌ను ముందే వదులుకున్నాం. కర్రల మాట అటుంచి, దూకినవాడు పడడానికి పరుపు కొనే స్తోమత కూడా మాకు లేదు. షాట్‌పుట్‌లో విసిరే గుండు అబ్బాయిలది 7.26 కిలోలు, అమ్మాయిలది 4 కిలోలు. రెండూ పాతవే స్టోర్ రూములో ఉన్నాయి, వాటికి తరుగుదల లేదు. అన్నిటికంటే గిట్టుబాటైనది, నలుగురు తలా వంద మీటర్లు పరిగెత్తే 4×100 రిలే. వంద, రెండు వందల మీటర్లకు ఎలాగూ వచ్చే పిల్లలే అందులోనూ పరిగెత్తుతారు, అదనంగా కావలసింది ఒకరి చేతి నుంచి మరొకరికి అందించే చిన్న గొట్టం, బ్యాటన్ మాత్రమే.

శిక్షకుడిగా వచ్చిన మాజీ స్ప్రింటర్ ఉదయాలు ఎక్కువగా ఆ రిలే మీదే గడిపారు. బ్యాటన్ ట్రాక్ మీద గీసిన 30 మీటర్ల జోన్ లోపలే చేతులు మారాలి. ఆయన జోన్‌కు వెనకాల పాదాలతో కొలిచి తెల్ల టేపు ముక్క అంటించేవారు; వచ్చేవాడు ఆ టేపు దాటగానే ముందున్నవాడు పూర్తి వేగంతో కదిలి, కేక వినపడ్డాకే చెయ్యి వెనక్కి చాచాలి. “వెనక్కి చూశావంటే పోయినట్టే రా” అంటూ అదే మార్పిడిని మళ్లీ మళ్లీ చేయించి, ఎండ ముదిరేలోగా టేపును మరో పాదం వెనక్కి జరిపేవారు. ఒకటి, మూడు స్థానాలవారు వంపులో లోపలి గీతను ఒరుసుకుంటూ పరిగెత్తడానికి బ్యాటన్‌ను కుడిచేత్తో పట్టుకోవాలి, మిగిలిన ఇద్దరు ఎడమచేత్తో. జట్టులో అందరికంటే వేగమైన కుర్రవాడికి వంపు సరిపడక రెండో స్థానం ఇస్తే, చివరి స్థానం దక్కలేదని వాడు కొంతకాలం అలిగాడు.

చంద్రగిరి నుంచి వచ్చే దూరపు పరుగు అమ్మాయి శ్రీవారి మెట్టు 2,388 మెట్లూ ఎక్కి సాధన చేస్తానంది. ఎక్కడం మంచిదేనని, దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం పడుతుంది కాబట్టి కొండమీద నుంచి బస్సులో రమ్మని శిక్షకుడు చెప్పారు. ఆ బస్సు చార్జీని ఏ పద్దు కింద రాయాలో తోచక, చివరకు దాన్ని నేనే ఇచ్చుకున్నాను.

చిత్తూరు పోటీల్లో మా రిలే జట్టుకు మూడో స్థానం వచ్చింది. అసలు పరీక్ష తిరిగి వచ్చాక మొదలైంది. ఖర్చులకని ముందుగా తీసుకున్న అడ్వాన్సుకు లెక్క చూపాలి. భోజనానికి బిల్లుంది, టీకి లేదు, గౌరవ వేతనానికి రసీదు మీద సంతకం ఉంది. అడుగున మేకులుండే స్పైక్ బూట్ల దగ్గర ఆడిట్‌లో అభ్యంతరం వచ్చింది. కళాశాల డబ్బుతో కొన్న వస్తువు స్టాక్ రిజిస్టరుకు ఎక్కి స్టోరులో ఉండాలంటారు. కానీ ఒకరి పాదానికి కుదిరిన బూటు మరొకరికి పట్టదు, సాధనకు రోజూ కావాలి. ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడి, ఒక్కో జత ఎదుట విద్యార్థి పేరు రాయించి సంతకం తీసుకున్నాం. టీసీకి ముందు, బాకీలేమీ లేవని ఇచ్చే నో డ్యూస్ ఫారంలో లైబ్రరీ గడి పక్కన ఆటల విభాగానికీ ఒక గడి చేర్పించాం. ఆ షరతు మీద అభ్యంతరాన్ని తొలగించి, అడ్వాన్సు ఖాతా మూసివేశారు.