ఎవరికీ గుర్తులేని పాట

గురువారం.

ట్యాంకరు రాలేదు. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పొద్దున్నుంచీ అదే గోల. ఉన్న నీళ్ళతోనే వంట కానిచ్చి, మా ఆయన్ని ఆఫీసుకి పంపి, పదకొండింటికి టైలర్ దగ్గరికి బయల్దేరాను. వచ్చే వారం విజయవాడలో మేనకోడలి నిశ్చితార్థం. జాకెట్లు కుట్టడానికివ్వాలి, ఒక చీరకి ఫాలూ పీకో చేయించాలి. పెళ్ళిళ్ళ సీజన్ కదా, మాస్టారు నన్ను చూడగానే "సోమవారానికి కష్టం మేడం" అనేశారు. అంటూనే మెళ్ళోంచి టేపు తీశారు. కష్టం అంటే కుదురుతుందని అర్థం, అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

చేతులు మోచేతి దాకా పెట్టమని చెబుతున్నాను. మిషన్ పక్కన ఎఫ్ఎమ్‌లో ఒక పాట మొదలైంది. ముందు కీబోర్డు మీద ఒక చవకబారు బిట్టు, ఆ తర్వాత కోరస్ అమ్మాయిల లలలాలు. అంతే, నాకు డీజిల్ వాసన వచ్చింది. షాపులో డీజిల్ ఎక్కడుంటుంది? కొత్త గుడ్డల వాసనా, ఇస్త్రీ పెట్టె వాసనా తప్ప. కానీ వచ్చింది. దాని వెనకే వేడివేడి ఉప్మా, చలిగాలి, తలకి తువ్వాలు చుట్టుకున్న నాన్న.

"మెడ ఎంత దింపమంటారు?" అని మాస్టారు రెండోసారి అడిగారు కాబోలు. "మీ ఇష్టం" అన్నాను. జాకెట్టు విషయంలో టైలర్‌తో అనకూడని మాట ఏదైనా ఉందంటే అదే.

ఆ సినిమా పేరు ఇక్కడ రాయను. వారం కూడా ఆడలేదు. అందులో పనిచేసినవాళ్ళు ఎవరి బతుకు వాళ్ళు బతుకుతూ ఉంటారు, వాళ్ళని ఇప్పుడు తవ్వి తీయడం ఎందుకు. సినిమా నేనూ చూడలేదు. పాట విన్నది ఒకే ఒక్క రోజు, గోదావరి మీద.

2003 సంక్రాంతి సెలవులు. రాజమండ్రిలో పెద్దమ్మ ఇంట్లో అందరం చేరాం. కనుమ వెళ్ళిన మర్నాడు పాపికొండలు పోదామని అన్నయ్య లేవదీశాడు. చీకటితోనే వ్యాను ఎక్కి పురుషోత్తపట్నం రేవుకి వెళ్ళాం. నది మధ్యలో పట్టిసీమ గుట్ట, దాని మీద గుడి, మంచులో సగమే కనబడుతోంది. ఇప్పుడైతే పోలవరం కట్టడం వల్ల బోట్లు గండి పోచమ్మ గుడి దగ్గర్నుంచి బయల్దేరుతున్నాయట. అప్పట్లో ఈ రేవు నుంచే. పేరుకి టూరిస్టు లాంచీ. పైన డెక్కు మీద ప్లాస్టిక్ కుర్చీలు, కింద వంట, వెనకాల ఇంజిను. సరంగు గదిలో ఒక టేప్ రికార్డరు, దాని వైర్లు పైనున్న రెండు లౌడ్‌స్పీకర్లకి.

క్యాసెట్ ఒక్కటే. ఎ సైడు అయిపోతే బి సైడు, బి సైడు అయిపోతే మళ్ళీ ఎ. పోయేటప్పుడూ అదే, వచ్చేటప్పుడూ అదే. ఆ ఫ్లాపు సినిమా పాట బి సైడులో ఉండేది. పైగా టేపు సాగిపోయింది. రెండో చరణం మొదట్లో గాయకుడి గొంతు ఆవులింత వచ్చినట్టు కిందికి జారి, మళ్ళీ తేరుకునేది. మొదటిసారి వినగానే పిల్లలు పడీపడీ నవ్వారు. తర్వాత అదొక ఆటైపోయింది. ఆ చోటు వచ్చేసరికి డెక్కు మీదున్న పిల్లలంతా కలిసి గొంతు జార్చేవాళ్ళు. మధ్యాహ్నానికి పెద్దవాళ్ళూ మొదలుపెట్టారు. మాకేమీ కాని ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం కూడా కలిసిపోయింది.

నాన్న తెలుగు మాస్టారు. ఆయన లెక్కలో సినిమా పాట ఎప్పుడో చచ్చిపోయింది, మిగిలింది మోతే. ఇంట్లో రేడియో పెద్దగా పెట్టాలంటే ఆయన బయటికి వెళ్ళేదాకా ఆగాలి. లాంచీ ఎక్కిన పావుగంటకే సరంగు గదికి వెళ్ళి సౌండు తగ్గించమని చెప్పి వచ్చారు. సరంగు "అలాగేనండీ" అని తగ్గించాడు, ఆయన వెనక్కి తిరిగి కుర్చీలో కూర్చునేలోపు మళ్ళీ పెంచాడు. ఇలా కాసేపు నడిచింది. చివరికి నాన్నే ఓడిపోయి, ఇంజిను మోతలో పాట వినబడదని లాంచీ వెనక్కి వెళ్ళి నిలబడ్డారు.

పేరంటాలపల్లిలో దిగాం. రామకృష్ణ మునివాటం అనే ఆశ్రమం, శివాలయం, చెట్ల కింద చల్లటి సెలయేరు. కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురుతో చేసిన పూలూ గంపలూ అమ్ముతున్నారు. అక్కడ పాట లేదు కాబట్టో ఏమో, నాకు ఆ చోటు ఫోటోలో చూసినట్టే గుర్తుంది. లాంచీ మళ్ళీ కదిలి క్యాసెట్ పెట్టాకే బొమ్మ కదులుతుంది. పాపికొండల మధ్య గోదావరి సన్నబడి, రెండు వైపులా కొండలు మీదికొచ్చేసిన చోట ఆ పాటే మోగుతోంది. ఎవరినో పిలవడానికి నేను వెనక్కి వెళ్ళాను. నాన్న ఇనుప రెయిలింగు పట్టుకుని నీళ్ళకేసి చూస్తున్నారు. వేళ్ళు మాత్రం రెయిలింగు మీద తాళం వేస్తున్నాయి. ఆ పాటకే. నన్ను చూసి చెయ్యి తీసేశారు.

ఇవాళ టైలర్ షాపులో రెండో చరణం వచ్చింది. పాట సాఫీగా పోయింది, గొంతు జారలేదు. జారకపోయేసరికి ఎవరో తప్పు పాడినట్టనిపించింది.

ఇంటికొచ్చి, బియ్యం కడుగుతూ కూడా అదే ఆలోచన. ఆ తర్వాత మూడేళ్ళకి, 2006లో, 'గోదావరి' సినిమా వచ్చింది. లాంచీలో రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్ళే కథ. వేటూరి గారి 'ఉప్పొంగెలే గోదావరి', బాలు గారి గొంతు. మా ఇంట్లో అందరం "అచ్చం మన ట్రిప్పే" అనుకున్నాం. నాకు ప్రాణమైన పాట. కానీ అది వింటే మా లాంచీ రాదు. ఆ పాట పెట్టుకుని ఎన్ని అంట్లు తోమానో, ఎన్ని ట్రాఫిక్ జాముల్లో కూర్చున్నానో. అంట్లూ ట్రాఫిక్కూ కలిసి గోదావరిని కమ్మేశాయి. మంచి పాటలకి ఇదే ఖర్మ. మనతో పాటు అన్నిచోట్లకీ వస్తాయి, చివరికి ఏ ఒక్క చోటునీ దాచవు. చెత్తపాట అక్కడే ఉండిపోతుంది, దాన్ని మళ్ళీ ఎవరూ ముట్టుకోరు కాబట్టి.

అమ్మాయి డిగ్రీలో సైకాలజీ చదివింది. మధ్యాహ్నం ఫోన్‌లో ఇది చెబితే, దీని మీద పరిశోధనలే ఉన్నాయంది. ఒకే గుర్తుకి ఎక్కువ జ్ఞాపకాలు తగిలిస్తే వాటిలో ఏదీ సరిగ్గా పైకి రాదట. నేను కనిపెట్టాననుకున్నది ఎప్పుడో పుస్తకాల్లోకి ఎక్కిపోయిందన్నమాట. అమ్మాయి మాత్రం గోవా వెళ్ళే ముందే గోవా కోసం పాటల లిస్టు తయారుచేసుకుని వెళ్ళింది. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. నేను కోరి పెట్టుకున్న పాట ఏ ఊరినీ పట్టుకోలేదు.

ఊటీనే తీసుకోండి. నేను డిగ్రీ చదివేటప్పుడు 'గీతాంజలి' వచ్చింది, 1989లో. ఆ సినిమా చూసినవాళ్ళందరిలాగే నాకూ ఊటీ అంటే ఆ పొగమంచూ ఇళయరాజా పాటలూనే. పెళ్ళయ్యాక అక్కడికి వెళ్ళినప్పుడు మా ఆయన ఆ క్యాసెట్ పనిగట్టుకుని బ్యాగులో పెట్టారు. మైసూరులో మాట్లాడుకున్న ట్యాక్సీ డ్రైవర్ మర్యాద కోసం దాన్ని కాసేపు పెట్టి, తీసేసి, తన కన్నడ పాటలు పెట్టుకున్నాడు. ముదుమలై అడవి దాటాక కల్హట్టి ఘాటులో 36 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతి మలుపుకీ నంబరు బోర్డు. నాకు కళ్ళు తిరుగుతున్నాయి, ఈయన నిమ్మకాయ వాసన చూపిస్తున్నారు, డ్రైవర్ కూనిరాగం తీస్తున్నాడు. ఆ కన్నడ పాటలో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈమధ్య బెంగళూరులో ఒక హోటల్లో అది వినబడితే చేతిలో దోశ వదిలేసి ఈయన ముఖం చూశాను. ఆయనా నా ముఖమే చూస్తున్నారు. "ఎన్నో మలుపు?" అన్నారు. ఇక 'గీతాంజలి' పాటలు వింటే నాకు ఊటీ రాదు, విజయవాడ కాలేజీ బస్సు వస్తుంది.

సుప్రభాతం సంగతీ ఇంతే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు 1963లో పాడి రికార్డు చేసింది, వినని తెలుగు ఇల్లు ఉండదు. అది వింటే తిరుమల గుర్తు రావాలి కదా? నాకు అమ్మ కాఫీ డికాషన్ గుర్తొస్తుంది. అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కి మేం వెళ్ళింది ధనుర్మాసంలో. ఆ నెలంతా గుళ్ళో స్వామిని మేలుకొలిపేది తిరుప్పావైతోనే, సుప్రభాతం ఉండదు. అందుకని నా తిరుమల తమిళంలోనే ఉంది.

అరకు రైల్లో విన్న పాటని మాత్రం పోగొట్టుకున్నాను. విశాఖలో పొద్దున్నే కిరండూల్ ప్యాసింజరు ఎక్కితే దారిలో 58 సొరంగాలు. ఒక్కో సొరంగం రాగానే పెట్టెలోని పిల్లలంతా కేకలు. రెండు రాతి చెక్కల్ని వేళ్ళ మధ్య ఆడిస్తూ ఒక కుర్రాడు పాడుతున్నాడు. చీకట్లోనూ ఆపలేదు. ఇనుప ఖనిజం గూడ్సు కోసం రైలు ఏదో స్టేషన్లో నిలబడిపోతే, అక్కడా పాడాడు. అప్పట్లో అది సూపర్ హిట్. ఆ తర్వాత ప్రతి పెళ్ళి ఊరేగింపులోనూ, ప్రతి ఆటోలోనూ వినీ వినీ, ఆ పాటలోంచి కుర్రాడు వెళ్ళిపోయాడు. రాతి చెక్కల చప్పుడు ఎక్కడైనా వింటే మాత్రం వస్తాడు.

సాయంత్రం నిశ్చితార్థం పనుల గురించి అన్నయ్యకి ఫోన్ చేశాను. పూలదండలూ, వంటవాళ్ళూ అయ్యాక పాట సంగతి ఎత్తాను. అన్నయ్యకి ఆ పాటే గుర్తులేదు. నేను పల్లవి పాడి వినిపించాను. గొంతు జార్చి మరీ చూపించాను. "ఇలాంటి పాట ఎక్కడా వినలేదే" అన్నాడు. వాడి లెక్కలో ఆ రోజంటే లాంచీ వాడు భోజనంలో పెట్టిన కోడికూర, అది అందరికీ సరిపోకపోవడం. వదిన వెనకాల నుంచి "అంత్యాక్షరి ఆడాం కదా" అంటోంది. అది అరకులో వదినా అన్నాను. కాదు లాంచీలోనే అంటుంది.

ఫోన్ అమ్మ తీసుకుంది. "లాంచీలో క్యాసెట్టు పాటలేంటే, ఇంజిను మోతేగా. పాడింది నేను" అంది.

"నువ్వు పాడావా?"

"'గోదారి గట్టుంది' పాడాను. 'మూగమనసులు' వచ్చినప్పుడు నేను స్కూల్లో చదువుతున్నా, మా ఊరి టూరింగ్ టాకీసులో చూశాం. సుశీల పాట. కొండల మధ్యకి వచ్చాక మీ నాన్నే పాడమన్నారు. దాశరథి రాశాడు, పాట అంటే అదీ అన్నారు."

అమ్మ పాడటం నాకు తెలిసి ఇంట్లో లాలిపాటలూ, మంగళహారతులే. సినిమా పాట ఆమె నోట నేను వినలేదు. అన్నయ్యని అడిగితే వాడూ వినలేదన్నాడు. అంతమందిమి అదే లాంచీలో ఉన్నాం. నాన్న వేళ్ళు ఏ పాటకి తాళం వేస్తున్నాయో నేను వెళ్ళి నిలబడి చూశాననే ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను.

"ఎక్కడ నిలబడి పాడావమ్మా?"

"వెనకాల, ఇంజిను దగ్గర. మీ నాన్న అక్కడే కదా ఉంది."

"ఓసారి పాడవా ఇప్పుడు?"

"ఇప్పుడేం పాట? సీరియల్ మొదలైంది" అని అన్నయ్యకి ఫోన్ ఇచ్చేసింది. జాకెట్లు సోమవారానికి రాకపోతే ఏం చేస్తావని వదిన అడుగుతోంది.