గాజు ఫ్యాక్టరీ మేనేజరు సింఫనీలు

ఉత్తర స్వీడన్‌లోని క్రామ్‌ఫోర్స్‌కు రైలు టికెట్టు తీసుకున్నానంటే స్టాక్‌హోమ్‌లో నా తోటి ఉద్యోగులు కొండలు ఎక్కడానికేమో అనుకున్నారు. అలా అనుకోవడంలో వింతేమీ లేదు. ఆ ఊరి పక్కనున్న హై కోస్ట్ అనే తీరప్రాంతం 2000లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. మంచుయుగపు భారం దిగిపోయిన నేల అక్కడ ఇప్పటికీ పైకి లేస్తూనే ఉంది. నేను మాత్రం స్వీడిష్ సంగీతకర్త ఫ్రాంజ్ బేర్వాల్డ్ పనిచేసిన సాండొ దీవిని చూడడానికి వెళ్లాను.

బేర్వాల్డ్ 1796లో స్టాక్‌హోమ్‌లో పుట్టాడు. పెద్ద వాద్యబృందం కోసం ఆయన రాసిన నాలుగు సింఫనీలూ 1842, 1845 సంవత్సరాల్లో పూర్తయ్యాయి. బతికుండగా మోగింది మొదటిదైన 'సేరియూజ్' ఒక్కటే, అదీ 1843లో, సరిగా సాధన చేయని వాద్యబృందం చేతిలో. 'సింగ్యులియేర్' అనే మూడో సింఫనీ 1905 దాకా కాగితం దాటి బయటకు రాలేదు. రెండోదైన 'కాప్రిసియూజ్' కథ మరీ దారుణం. ఆయన పోయాక దాని పూర్తి ప్రతి మాయమైంది. మిగిలిన సంక్షిప్త ప్రతి ఆధారంగా తిరిగి కట్టి, 1914లో వినిపించారు.

రైల్లో 'సింగ్యులియేర్' పెట్టుకున్నాను. కిటికీలో ఒకటే అడవి, అప్పుడప్పుడు సముద్రం. తంత్రీవాద్యాలు ఒక చిన్న పలుకును మెట్టు మీద మెట్టుగా పైకి తీసుకుపోతుంటాయి. ఇంత సామాన్యమైన ముక్కతో ఎంత దూరం పోతాడులే అనిపిస్తుంది. పోతాడు. రెండో భాగంలో నెమ్మదైన సంగీతం నడుస్తుండగానే దాని కడుపులోంచి స్కెర్ట్సో అనే చురుకైన, ఆటలాడే సంగీతం పుట్టుకొస్తుంది. అది తన పని ముగించుకున్నాక పాత నెమ్మది మళ్లీ తిరిగి వస్తుంది. సింఫనీ అంటే నాలుగు భాగాలని అందరూ నమ్మిన రోజుల్లో ఈయన మూడింటితో సరిపెట్టాడు. పక్క సీటాయన నా చేతివేళ్ల తాళాన్ని కాసేపు భరించి, తర్వాత మర్యాదగా వేరే సీటుకు మారాడు.

క్రామ్‌ఫోర్స్ నుంచి లుండెకు బస్సు. ఓంగర్మన్ నదిలో సాండొ దీవి కనిపించేముందే సాండొ వంతెన కనిపిస్తుంది. 264 మీటర్ల కాంక్రీటు కమాను. కడుతుండగా 1939 ఆగస్టు 31న కూలి 18 మంది చనిపోయారు. మర్నాడే హిట్లర్ పోలండ్ మీద పడడంతో పత్రికల్లో ఈ వార్త మరుగున పడిపోయింది. లుండెలోనే 1931లో సమ్మె ఊరేగింపు మీద సైన్యం కాల్పులు జరిపి ఐదుగురిని చంపింది. ఇక్కడివారికి తలుచుకోవడానికి ఇంత ఉండగా, గాజు ఫ్యాక్టరీ నడిపిన సంగీతకారుడిని మరిచిపోయారని తప్పు పట్టబుద్ధి కాలేదు.

1850లో సాండొ గాజు ఫ్యాక్టరీ మేనేజరుగా బేర్వాల్డ్ ఇక్కడికి వచ్చాడు. యజమాని లుడ్విగ్ పెత్రేకు వయొలిన్ సరదా ఉండేది. తర్వాత బేర్వాల్డ్ కర్రకోత మిల్లు కూడా పెట్టాడు. అంతకుముందు బెర్లిన్‌లో 1835లో ఎముకల వంకరలు సరిచేసే ఆస్పత్రి తెరిచి బాగానే సంపాదించాడు. అందుకే 'ఆదరణ లేక కుమిలిపోయిన మేధావి' అనే మూసలో ఈయనను పోయడం నాకు నచ్చదు. సంగీతం అన్నం పెట్టకపోతే ఇంకో పని చూసుకున్నాడు, అదీ సమర్థంగా. సింఫనీలు అప్పటికే పూర్తయి పెట్టెలో ఉన్నాయి. దీవిలో ఉన్న ఏళ్లలో రాసినవి ఎక్కువగా కొద్దిమంది కూర్చుని వాయించుకునే చిన్న రచనలే. పెద్ద వాద్యబృందం దొరుకుతుందన్న ఆశ వదులుకున్నవాడి లెక్క అది. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇప్పుడు దీవిలో అగ్నిమాపక, రక్షణ సిబ్బందికి శిక్షణ ఇస్తున్నారు. నీటి ఒడ్డున కాసేపు తిరిగాను. గాలి చెవులు కోస్తుంటే బస్సు వేళకు ముందే స్టాపుకు చేరాను.

1867లో, చావుకు ఏడాది ముందు, స్వీడన్ సంగీత అకాడమీ ఆయనను ప్రొఫెసర్‌గా తీసుకుంది. అదీ పెద్ద గొడవ తర్వాతే. ఇప్పుడు స్టాక్‌హోమ్‌లో స్వీడిష్ రేడియో ఆర్కెస్ట్రా వాయించే, బండరాయి తొలిచి కట్టిన భవనం పేరు బేర్వాల్డ్‌హాలెన్. వినాలనుకుంటే నిర్వాహకుడు నేమే యార్వి గోథెన్‌బర్గ్ ఆర్కెస్ట్రాతో చేసిన నాలుగు సింఫనీల రికార్డింగు ఉంది. వరుస సంఖ్యలు పట్టించుకోకుండా మూడోదానితో మొదలుపెట్టండి. 'సేరియూజ్' చివరికి ఉంచండి, అది కొంచెం బరువు.