చలి దిగకముందే కన్నాలు పూడ్చండి

బెంగళూరులో చలి డిసెంబరులో దిగుతుంది. ఎలుక మాత్రం అంతకు రెండు నెలల ముందే ఇల్లు వెతుక్కోవడం మొదలుపెడుతుంది. చిత్త, స్వాతి కార్తెల్లో సాయంత్రమయ్యేసరికి కుండపోతగా పడతాయి కదా వానలు, రాజకాలువ, అంటే వాననీళ్లు పోయే పెద్ద కాలువ, దాని గట్టు బొరియలూ, ఖాళీ సైట్లలో కలుగులూ, మ్యాన్‌హోళ్లూ అన్నీ నిండిపోతాయి. వాటిల్లో ఉన్నవన్నీ పైకొస్తాయి. పొడిగా, వెచ్చగా, తిండి దొరికే చోటు వాటికి కావాలి. ఆ మూడూ ఉన్నది మన వంటింట్లోనే. అందుకే రామమూర్తినగర్‌లో ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఆయుధపూజ కాగానే మేం కన్నాల పని పెట్టుకుంటాం. దీపావళిలోపు అది అయిపోవాలి.

మా ఇంటికి ఇంకో కారణం కూడా ఉంది. కదిరి దగ్గర మా చేనులో శెనక్కాయలు ఆ రోజుల్లోనే పెరికి ఇంటికి తెస్తారు. మా మామగారు ఒక మూట బస్సులో వేసి పంపిస్తారు. కార్తీకం ఆఖరి సోమవారం బసవనగుడిలో దొడ్డ బసవన్న గుడి దగ్గర కడలెకాయి పరిషె, అంటే శెనక్కాయల జాతర, జరుగుతుంది. ఇంట్లో మూటెడు ఉన్నా సరే, మా అత్త అక్కడ ఇంకో రెండు సేర్లు కొనకుండా ఇంటికి రాదు. ఆ తర్వాత అనపకాయల కాలం. పితికిన తొక్కలు గంప నిండా వరండాలో ఉంటాయి. ఈ ఊళ్లో చలికాలమంటే ఇంటినిండా గింజలే, ఎలుకకు కూడా పండగే.

చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు. పిల్లల పెన్సిలు పట్టే కన్నంలోనుంచి అది లోపలికి వచ్చేస్తుంది. మూడు వారాల్లో ఈనుతుంది, ఒక్కో ఈతకు ఐదారు పిల్లలు. ఆ పిల్లలు నెలన్నరకే మళ్లీ ఈనే వయసుకొస్తాయి. దీపావళికి జంటగా దూరినవి సంక్రాంతికి ఎన్నవుతాయో మీరే లెక్క వేసుకోండి. జనవరిలో బోనులు పెట్టి తిప్పలు పడేకంటే అక్టోబరులో ఒక ఆదివారం ఖర్చుపెట్టడం మేలని నేను అందరికీ చెప్తూ ఉంటాను.

ముందు అవి ఏ దారిన తిరుగుతున్నాయో తెలియాలి. రాత్రి పడుకోబోయే ముందు గోడల వారగా, సింకు కింద, ఫ్రిజ్ వెనక ముగ్గుపిండి పలచగా చల్లుతాను. ఎలుక నట్టింట్లో నడవదు, మీసాలు గోడకు తగిలేలా అంచుల వెంటే పోతుంది. పొద్దున్నే లేచి చూస్తే అడుగులు ఎక్కడినుంచి ఎక్కడికో కనబడతాయి. రోజూ పోయే దారైతే గోడమీద నూనె జిడ్డులాంటి నల్లటి చార కూడా ఉంటుంది. ఇంకో పని, రాత్రి లోపల లైట్లన్నీ వేసి, బయట లైట్లు ఆర్పి, ఇంటిచుట్టూ ఒకసారి తిరగండి. తలుపు కిందనుంచీ, కిటికీ మూలల్లోనుంచీ, పైపుల పక్కనుంచీ వెలుతురు ఎక్కడ బయటికొస్తే అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి.

మా ఇంట్లో గుర్తులన్నీ దాదాపు పైపుల దగ్గరే పడతాయి. ఒకటిన్నర అంగుళం పైపు కోసం మూడంగుళాల కన్నం కొట్టి, చుట్టూ కాస్త తెల్ల సిమెంటు పూసి వదిలేస్తారు. అది రెండు వానలకు పెచ్చులూడుతుంది. సింకు వేస్టు పైపు, గీజరు పైపు, ఏసీ రాగి గొట్టం, ఇంటర్నెట్ కేబులు, గ్యాస్ పైపు, అన్నిటికీ ఇదే జబ్బు.

కన్నాన్ని దేంతో పూడుస్తామన్నదే అసలు సంగతి. గుడ్డలు, థర్మకోలు, డబ్బాలో వచ్చే ఫోమ్, ఇవేవీ ఎలుక పంటికి లెక్క కాదు. దాని ముందరి పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, కాబట్టి కొరకడం దానికి అవసరం. మాకు ఏటా వచ్చే మడకశిర మేస్త్రీ అన్న చేసే పద్ధతి నాకు నచ్చింది. తుప్పు పట్టని స్టీలు పీచు, అంటే మనం గిన్నెలు తోమేదే, విప్పదీసి కన్నంలో గట్టిగా కూరతాడు. దానిమీద ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక కలిపి, గాజు పెంకులు చిదిపి వేసి, మెత్తేస్తాడు. “గాజు లేకుంటే పందికొక్కు దాన్ని కూడా తవ్వుతుంది అక్కా, ఇది దాని మూతికి తగలాల” అంటాడు. పందికొక్కు మట్టి తవ్వే జంతువు. సంపు పక్కన, మెట్ల కింద, కాంపౌండు గోడ పునాది దగ్గర కొత్తగా మట్టి కుప్ప కనిపిస్తే అది దాని పనే. అక్కడ పైపైన పూస్తే చాలదు. అడుగు లోతున తవ్వి, కంకరా సిమెంటూ పోయించాలి.

తలుపు కింద రబ్బరు పట్టీ ఒక్కటే పెట్టిస్తే నెలలో కొరికేస్తాయి. మా వెనక తలుపుకు అడుగున నాలుగంగుళాల అల్యూమినియం రేకు కొట్టించి, దానికి పట్టీ బిగించాం. దోమల నైలాన్ జాలీని కూడా ఎలుక కొరుకుతుంది. వెంటిలేటర్లకూ, బాత్రూమ్ ఎగ్జాస్టుకూ పావు అంగుళం కంటే సన్నటి కళ్ల ఇనుప జాలీ వేయించాం.

చాలామంది మరిచేది మేడమీదే. పందికొక్కు కిందినుంచి వస్తే, ఇళ్లలో తిరిగే నల్ల ఎలుక పైనుంచి వస్తుంది. కొబ్బరి మట్టలూ, సంపంగి కొమ్మలూ, కేబులు తీగలూ దానికి దారులు. పిట్టగోడకు తగిలే కొమ్మ ఏదున్నా కనీసం మూడడుగులు వెనక్కి కొట్టించండి. సోలార్ హీటరు గొట్టాలు దిగే చోటు మరీ ముఖ్యం. చలికాలంలో ఆ గొట్టాలు వెచ్చగా ఉంటాయి, వాటికి చుట్టిన స్పాంజి గూటికి పనికొస్తుంది. సెప్టిక్ గాలి గొట్టం పైన జాలీ టోపీ ఉందో లేదో చూడండి.

బొద్దింకల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పెద్దవి డ్రైనేజీనుంచి వస్తాయి, కాబట్టి రాత్రి బాత్రూమ్ నేలమీద నీళ్లు పోయే కన్నాల (నహానీ) జాలీలు మూయండి. చిన్నవి అట్టపెట్టెల్లో ఇంటికొస్తాయి, కాబట్టి సామాన్లొచ్చిన పెట్టెలు ఇంట్లో దాచొద్దు.

పూడ్చే వరుస తప్పకూడదు. లోపలున్న వాటిని ముందు పట్టుకోవాలి. అది కాకుండా కన్నం మూస్తే లోపల చిక్కినవి వైర్లు కొరుకుతాయి, లేదా అటకమీద చచ్చి వారం కంపుకొడతాయి. కొన్ని రాత్రులు బోనులు పెట్టి, ముగ్గుపిండిలో అడుగులు ఆగాకే ఆఖరి కన్నం మూస్తాం. బోనులో కాల్చిన ఎండుకొబ్బరి ముక్క పెడతాం.

మందు మాత్రం నేను ఇంట్లో పెట్టను, మీకూ పెట్టమని చెప్పను. ట్యూబులో వచ్చే పసుపు భాస్వరం పేస్టుకు విరుగుడు లేదు. లోపలికి పోతే మనిషి కాలేయం దెబ్బతింటుంది. బిస్కెట్టుకు రాసి మూలన పెడితే పాకే పిల్లకు ఏం తెలుస్తుంది? బిళ్లల్లాంటి మందులు రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. ఎలుక అది తిన్న రోజే చావదు, నాలుగైదు రోజులు మత్తుగా తిరుగుతుంది. ఆ ఎలుకను పిల్లి తిన్నా, గుడ్లగూబ తిన్నా వాటికీ ముప్పే. మా వీధిలో ఒక అపార్టుమెంటు డక్టులో గుడ్లగూబల జంట ఉంది. అరిష్టమని తరిమేయమన్న వాళ్లున్నారు. అవి పట్టినన్ని ఎలుకల్ని ఏ మందూ పట్టదని నేను వాళ్లతో వాదించాను, మళ్లీ వాదిస్తాను.

ఎలుకల విషయంలో ఈ ఊరు చాలా దెబ్బతింది. 1898లో ఇక్కడికి ప్లేగు వచ్చింది. ఇరుకు పేటల్లో వేలమంది పోయారు. మల్లేశ్వరం, బసవనగుడి పెరిగింది ఆ భయంతోనే. వెడల్పు రోడ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ, వెనక పాకీ సందులు, అన్నీ గాలీ వెలుతురూ ఆడాలని వేసినవే. ప్లేగమ్మ గుళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ప్లేగు ఎలుకల మీద బతికే, నెత్తురు తాగే చిన్న పురుగుల (ఫ్లీ) ద్వారా మనిషికి వస్తుందని ఫ్రెంచి డాక్టరు పాల్ లూయీ సిమోన్ కనిపెట్టింది కూడా అదే 1898లో, కరాచీలో. ఇప్పుడు మన వీధుల్లో గోడకు గోడ ఆనించి కడుతున్నాం. ప్లేగు లేకపోవచ్చు, కానీ వాననీళ్లలో కలిసిన ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కాళ్లకు పుండ్లున్నప్పుడు ఆ నీళ్లలో దిగకండి. రెట్టలు ఊడ్చేముందు ఫినాయిలు నీళ్లు చల్లి తడపండి, పొడిగా ఊడిస్తే దుమ్ము ముక్కులోకి పోతుంది.

అద్దె ఇంట్లో గోడ ముట్టుకోవడానికి ఓనరు ఒప్పుకోడని చాలామంది ఆగిపోతారు. సింకు పైపు చుట్టూ స్టీలు పీచు కూరడానికి, తలుపుకు రేకు పట్టీ బిగించడానికి ఎవరినీ అడగక్కర్లేదు. గోడ పని అయితే సుద్ద గుర్తుల ఫోటోలు తీసి ఓనరుకు పంపండి, మేస్త్రీ కూలి సగం మీరు పెట్టుకుంటామని చెప్పండి. పక్కింటివాళ్లను కూడా అదే రోజుకు పిలవండి, ఒకే మేస్త్రీ, ఒకే సిమెంటు మూట రెండిళ్లకూ సరిపోతాయి. శెనక్కాయలు గోతాంలో వద్దు, మూత బిగించే రేకు డ్రమ్ములో పోయండి. కారు వారాల తరబడి కదలకుండా ఉంటే రెండు రోజులకోసారి బానెట్ ఎత్తి చూడండి, చలి రాత్రుల్లో ఇంజను వెచ్చదనానికి దూరి వైర్లు కొరికితే ఆ బిల్లు మేస్త్రీ కూలికి ఎన్నో రెట్లుంటుంది.