డబ్బాలు సరే, బాణాలు ఎటు పోతున్నాయి?

ఒక ఆఫీసులో కొనుగోళ్ల అప్రూవల్ ఎలా నడుస్తుందో గీసిపెట్టమన్నారు. మేనేజర్‌ని అడిగాను, ఆయన అయిదు అంచెల్లో చెప్పేశారు, నేను అయిదు డబ్బాలు గీశాను, మీటింగులో అందరూ బాగుందన్నారు. ఆ తర్వాత రోజూ ఆ రిక్వెస్టులు చూసే ఆవిడ పక్కన కూర్చుంటే తెలిసింది, కొటేషన్ లేదని, కోడ్ తప్పని చాలా రిక్వెస్టులు వెనక్కి పోతున్నాయి, మళ్లీ వస్తున్నాయి, మళ్లీ పోతున్నాయి. "ఈ తిరుగుడంతా మీ బొమ్మలో ఎక్కడుందండీ?" అని అడిగారావిడ. లేదు మరి. మేనేజర్ చెప్పింది పని ఎలా జరగాలో, నేను గీసిందీ అదే.

పనిని ఇలా బొమ్మగా గీయడం కొత్త విద్యేం కాదు, పని పద్ధతులను పరిశీలించిన గిల్‌బ్రెత్ దంపతులు ఇలాంటి ప్రాసెస్ చార్టుల గురించి అమెరికాలో మెకానికల్ ఇంజినీర్ల సంఘానికి వివరించింది 1921లో. ఈ బొమ్మలకు ఇప్పుడు బాగా వాడుకలో ఉన్న గుర్తుల పద్ధతి బీపీఎంఎన్ 2004లో వచ్చింది, 2011లో 2.0 అయింది, 2013లో ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. గుర్తులు బోలెడు, చాలావాటి జోలికి నేను పోనే పోను. సన్నగీత గుండ్రం మొదలు, మందపుగీత గుండ్రం ముగింపు, మూలలు గుండ్రంగా ఉన్న డబ్బా పని, డైమండ్ దారులు చీలే లేదా కలిసే చోటు, అంటే గేట్‌వే, వీటితోనే చాలావరకు గడిచిపోతుంది.

గేట్‌వే దగ్గరే అసలు చిక్కు. లోపల ఎక్స్ ఉంటే దారుల్లో ఒక్కటే నడుస్తుంది, ప్లస్ ఉంటే అన్నీ నడుస్తాయి. నేను ఎక్స్‌తో చీల్చి ప్లస్‌తో కలిపాను. ప్లస్ ఏమో అన్ని దారుల నుంచీ వచ్చేదాకా కదలదు, వచ్చేది ఒక్కటే, ఇక ఆ రిక్వెస్టు అక్కడే పడి ఉంటుంది. ప్లస్‌తో చీల్చి ఎక్స్‌తో కలిపితే ఇంకో తమాషా, తర్వాతి పని రెండుసార్లు జరుగుతుంది! కాగితం మీద నా తప్పు ఎవరూ పట్టలేదు, వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి టెస్ట్ చేస్తేనే బయటపడింది.

రెండోసారి స్విమ్‌లేన్లు పెట్టి, ఎవరి పని వాళ్ల వరసలో గీశాను. డబ్బాలో పని పది నిమిషాలే, బాణం ఒకరి వరసలోంచి ఇంకొకరి వరసలోకి దాటేటప్పుడే రోజులు పడుతోంది, ఎవరిదో ఇన్‌బాక్స్‌లో.

అది చూసి మేనేజర్ "ఆ వెనక్కి పోయే బాణాలు తీసేయరాదూ, గజిబిజిగా ఉంది" అన్నారు. తీయలేదు. కొటేషన్ జత చేయకపోతే ఫారమే తీసుకోకుండా మార్చాక ఒక బాణం దానంతటదే పోయింది. కోడ్ తప్పుల బాణం ఇంకా అలాగే ఉంది.