హెడ్‌లైటు వేస్తే రమ్మని

ఎడిన్‌బరో కోట గురించి చాలామంది రాశారు, దాన్ని వదిలేస్తున్నాను. స్కాట్లాండ్‌లో నా మనసు పట్టేసింది టోర్నాప్రెస్ దగ్గర మొదలై యాపిల్‌క్రాస్ అనే సముద్రతీర గ్రామానికి వెళ్లే ఘాట్ రోడ్డు, బెలాక్ నా బా. అక్కడి పాత భాష గేలిక్‌లో పశువుల కనుమ అని అర్థం. ఒకప్పుడు మందల్ని తోలుకెళ్లిన దారి. 1970ల్లో సముద్రం పక్క రోడ్డు పూర్తయ్యేదాకా యాపిల్‌క్రాస్‌కు రోడ్డంటే ఇదే.

గ్లాస్గోలో కారు అద్దె దగ్గరే నాకు ఒళ్లు మండింది. ఆటోమేటిక్‌కి ఒక రేటు, ఇన్సూరెన్స్ ఎక్సెస్ (బండికి దెబ్బ తగిలితే మన జేబులోంచి కట్టాల్సిన వాటా) తగ్గించడానికి మళ్లీ రోజుకింత. చివరికి బావగారు గేర్ల బండే తీసుకున్నారు. ఫోర్ట్ విలియం దాకా నా బుర్రలో పౌండ్లు రూపాయల్లోకి మారుతూనే ఉన్నాయి. దారిలో లోక్ లోమండ్ సరస్సు అందం సగం ఆ లెక్కల్లోనే పోయింది.

ఘాట్ మొదట్లో పెద్ద బోర్డు: 2053 అడుగుల ఎత్తు, 1 ఇన్ 5 గ్రేడియంట్ (అయిదడుగులు ముందుకెళ్తే ఒక అడుగు ఎత్తు), హెయిర్‌పిన్ బెండ్లు, లెర్నర్లకూ క్యారవాన్లకూ (కారు వెనక లాక్కెళ్లే ఇళ్ల బండ్లకూ) మంచిది కాదు. అక్క అక్కడే వెనక్కి తిప్పమంది. రోడ్డు ఒక్క బండికే సరిపోతుంది. అక్కడక్కడా పక్కకు కాస్త వెడల్పు చేసి ‘పాసింగ్ ప్లేస్’ అని బోర్డు పెట్టారు. అది ఎడమవైపుంటే అందులోకి తప్పుకోవాలి, కుడివైపుంటే దానికి ఎదురుగా మన లైన్లోనే ఆగాలి. ఎత్తెక్కే బండికి వీలైనంతవరకు దారివ్వాలి.

రెండో మలుపు దాటాక పైనుంచి ఒక వ్యాన్ దిగుతూ రెండుసార్లు లైట్లు వేసింది. బావగారు ఠక్కున బ్రేకు తొక్కారు. శ్రీశైలం ఘాట్‌లో లైటు కొట్టాడంటే “నేనొస్తున్నా, నువ్వాగు” అనేగా! వెనకనుంచి అక్క, “వెళ్లండి, మిమ్మల్నే రమ్మంటున్నాడు” అంది. చూస్తే ఆ మనిషి అప్పటికే అంత ఎత్తులో రివర్స్‌లో వెళ్లి పాసింగ్ ప్లేస్‌లో ఆగి ఉన్నాడు. మేం దాటుతుంటే స్టీరింగ్ మీంచి చెయ్యి ఎత్తాడు. ఆ తర్వాత ఎదురైన ప్రతి బండీ అంతే. టెన్షన్ పోయి, నాకు ఆ దారి మీద ప్రేమ పుట్టింది.

మన నిబంధనల్లోనూ ఎత్తెక్కే బండికే ముందు దారి. అయినా ఘాట్‌లో రెండు లారీలు మొహామొహీ నిలబడి, ఎవరూ వెనక్కి తగ్గక, వెనకాల బస్సుల్లో పిల్లలు ఏడుస్తుంటే గంటలు గడిచిన రాత్రులు నాకు తెలుసు. ఇక్కడ ఒక్క హారన్ వినపడలేదు. కోపమో అసూయో, గొంతు పట్టేసింది.

తిరుగు ప్రయాణం అక్క పట్టుబట్టి షీల్డెయిగ్ అనే ఊరి మీదుగా, సముద్రం పక్కనుంచే చేయించింది. దూరం ఎక్కువ, అదీ చాలావరకు ఒంటి రోడ్డే. ఒకచోట టూరిస్టుల క్యాంపర్ వ్యాన్ సరిగ్గా పాసింగ్ ప్లేస్‌లో పార్క్ చేసి ఉంది. వాళ్లు కుర్చీలేసుకుని టీ తాగుతున్నారు. వాళ్లవల్ల మేమూ, ఎదురొచ్చిన గొర్రెల ట్రైలరూ ఇరుక్కుపోయాం. ఈసారి బావగారే లైట్లు వేసి, చాలా దూరం రివర్స్‌లో వెళ్లి ట్రైలర్‌కు దారిచ్చారు.